గురువారం గల్తీ

పైపుల గురించీ వాల్వుల గురించీ వసుధకు ఇంజనీరింగ్ కాలేజీ నాలుగేళ్లు చెప్పింది. కార్వాన్‌లో ఒక ఇరానీ హోటల్ వెనక గదిలో, గురువారం గురువారం కూర్చుని ఆమె నేర్చుకున్నదాంట్లో ఆ చదువు పావు వంతుకు కూడా రాదు. ఈ మాట ఆమే అందరికీ చెప్పుకునేది, గర్వంగా. చెప్పుకోవడమే కొంప ముంచింది.

వసుధ నీళ్ల ఆఫీసులో సెక్షన్ మేనేజరు. వయసు ముప్ఫై నాలుగు. గౌలిపురాలో పూజారుల ఇంట పుట్టి పెరిగిన మనిషి కాబట్టి పాతబస్తీ గల్లీలు ఆమెకు కొత్త కాదు. ఆ గల్లీల కింద ఏముందో మాత్రం తెలియదు. ఆ మాటకొస్తే ఆఫీసుకూ తెలియదు. గోడ మీద ఒక మ్యాపు ఉంది గానీ, దాన్ని నమ్మి తవ్వితే పైపు తప్ప అన్నీ దొరుకుతాయి. ఏ గల్లీకి ఏ వాల్వు, దాన్ని ఎన్ని చుట్లు తిప్పాలి, ఎంతసేపు ఆగాలి, ఇవన్నీ ఆమె చేతి కింద పనిచేసే తొమ్మిది మంది లైన్‌మన్ల తలల్లో ఉంటాయి. రోజు విడిచి రోజు వాళ్లు వాల్వు తిప్పే పొడవాటి ఇనుప చావి భుజాన వేసుకుని వచ్చి తిప్పితేనే నల్లాల్లో నీళ్లు.

ఆ లైన్‌మన్లకొక అలవాటు ఉంది. గురువారం పొద్దుటి సప్లై అయిపోయాక హోటల్ వెనక గదిలో చేరతారు. చాయ్ వస్తుంది. ఎవరో ఒకరు తాను చేసిన తప్పు చెప్పాలి. పక్కవాడి తప్పు చెప్పకూడదు, సొంతదే చెప్పాలి. అతను ముగించేదాకా ఎవరూ నవ్వకూడదు, తిట్టకూడదు. కాగితం, కలం, ఫోను బల్ల మీదికి రాకూడదు. అయ్యాక అందరూ లేచి బండ్లెక్కి ఆ తప్పు జరిగిన చోటికే పోయి, ఆ వాల్వును ఒక్కొక్కరూ తమ చేత్తో తిప్పి చూడాలి. దాన్నే వాళ్లు గురువారం గల్తీ అంటారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు, ఇరవై ఏళ్ల పైమాటే.

వసుధ ఆ బల్ల దగ్గరికి చేరింది కూడా తప్పు చేసే. చేరిన కొత్తలో, జనం లొల్లికి భయపడి, ఒక వాల్వును ఒకేసారి పూర్తిగా తెరిపించింది. పాత పైపు పగిలి గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. అప్పుడు కంప్లయింట్ల రిజిస్టరు రాసే రాజమణి మెల్లగా చెప్పింది. రాజమణి భర్త కూడా లైన్‌మనే. అతను పోయాక ఆమెకు ఆ ఆఫీసులోనే పని ఇచ్చారు. భర్త కుర్చీ ఆ బల్ల దగ్గర ఇప్పుడు ఆమెదే.

"గురువారం హోటల్ కాడికి రాండ్రి మేడం. గక్కడ చెప్పుకుంటే మనసు అల్కగ అయితది" అంది.

వసుధ వెళ్లింది, చెప్పింది. ఎవరూ నవ్వలేదు. అందరిలోకి పెద్దవాడు కృష్ణయ్య, అరవైకి దగ్గరపడ్డ మనిషి, సాసర్లో చాయ్ పోసుకుంటూ అన్నాడు. "నీళ్ల కంటె ముందు పైపుల గాలి ఉంటది బిడ్డా. మూడు చుట్లు తిప్పి నిలబడాలె. చెవి పెట్టి ఇనాలె. సుయ్ మనుడు బందయినంక మిగిలింది తిప్పాలె. నీకు ఎవ్వలు చెప్పలే, గంతే."

ఆ తర్వాత తొమ్మిది మందీ ఆమెను పగిలిన చోటికి తీసుకుపోయి చావి చేతికిచ్చారు. ఆమె అరచేతిలో బొబ్బలు లేచాయి. చెవి పెడితే సుయ్ మని వినిపించింది. ఆ రోజు నుంచి కృష్ణయ్య ఆమెను ఆఫీసులో మేడం అనీ బల్ల దగ్గర బిడ్డా అనీ పిలిచేవాడు. ఉద్యోగంలో చేరాక ఆమెకు అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

ఇక పెద్దాఫీసులో మేనేజర్ల మీటింగులు వేరే రకం. నెలకొకసారి ఏసీ హాల్లో పాతిక మంది కూర్చుని ఒకరికొకరు తమ విజయాలు చూపించుకుంటారు. అందరి గ్రాఫులూ పైకే పోతాయి. అందరి గ్రాఫులూ అంత పైకి పోతుంటే జనం బిందెలు పట్టుకుని రోడ్డు మీద ఎందుకు కూర్చుంటున్నారో ఎవరూ అడగరు. మధ్యాహ్నం భోజనం మాత్రం బాగుంటుంది.

అట్లాంటి ఒక భోజనం దగ్గర వసుధ తన బ్యాచ్‌మేట్ మాధవ్‌కు గురువారాల సంగతి చెప్పింది. మాధవ్ ఇంకో డివిజన్‌లో మేనేజరు, మంచివాడు, ఉత్సాహవంతుడు. అది విని అతని చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"గింత మంది ఇంజనీర్లం ఉన్నం, మనల ఒక్కడన్న నేను గలత్ చేసిన అని అన్నడా ఎప్పుడన్న? ఇది బంగారం వసుధా. రాయ్. డాక్యుమెంట్ చెయ్."

"వాళ్లు పేపర్ మీద పెట్టొద్దంటరు."

"పేర్లు తీసెయ్. పేర్లు లేకుంటే ఎవనికేం ప్రాబ్లమ్?"

నిజమే అనిపించింది. ఎవరికి ఇబ్బంది? పైగా కొత్తగా చేరే వాళ్లంతా చదువుకుంటారు, రేపు ఏ పైపూ పగలదు. ఇట్లా తనకు తాను ఎన్నో చెప్పుకుంది. అందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే ఆ కాగితం మీద తన పేరు ఎట్లా కనిపిస్తుందో కూడా ఆమె రెండు మూడుసార్లు ఊహించుకుంది. బల్ల దగ్గర వాళ్లను ఒక్కమాట అడిగి ఉండొచ్చు. అడగలేదు. అడిగితే వద్దంటారని ఆమెకు తెలుసు.

పద్నాలుగు పేజీల్లో పన్నెండు తప్పులు రాసింది. పేర్లు తీసేసింది గానీ వివరాలు తీయలేదు. వివరాలు తీసేస్తే పాఠమేముంటుంది? పెద్దాఫీసులో దాన్ని మెచ్చుకున్నారు. హాల్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మాధవ్ అందరికంటే గట్టిగా కొట్టాడు. అన్ని డివిజన్లకూ కాపీలు పంపారు.

మూడో వారం జగదీశ్వర్ గారు పిలిచారు. క్రమశిక్షణ ఫైళ్లు చూసే పెద్ద అధికారి ఆయన. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. బల్ల మీద ఆమె రాసిన కాగితాలున్నాయి. ఏడో తప్పు దగ్గర పసుపు రంగు గీత ఉంది.

ఏడో తప్పు కృష్ణయ్యది. రెండేళ్ల కిందటి మాట, అప్పటికి ఆయన పాత గిర్నీ గల్లీ సెక్షన్‌కు మారి ఇరవై రోజులైంది. నాలా పక్కన పైపు లీకైతే అతుకు వేశారు. అతుకు వేశాక పైపులో చేరిన మురికిని ముందు నాలాలోకి వదలాలి. అప్పటిదాకా ఇళ్ల వైపు వాల్వు మూసి ఉంచాలి. కృష్ణయ్య అందరిలాగే కుడికి తిప్పి మూశాననుకున్నాడు. ఆ ఒక్క వాల్వు ఏ కాలం నాటిదో గానీ ఉల్టా. కుడికి తిప్పితే తెరుచుకుంటుంది. పది నిమిషాలు మురికి నీళ్లు ఇళ్లలోకి పోయాయి. తెలిసిన మరుక్షణం ఆయన నలభై ఒక్క ఇళ్ల తలుపులూ కొట్టి బిందెలు పారబోయించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆఫీసులో చెప్పలేదు. బల్ల దగ్గర చెప్పాడు. తొమ్మిది మందీ పోయి ఆ వాల్వును ఎడమకు తిప్పి మూయడం నేర్చుకున్నారు.

"గల్లీ రాశారు, ఎండాకాలం అని రాశారు, నలభై ఒక్క ఇళ్లని రాశారు" అన్నారు జగదీశ్వర్. "రిపేర్ రిజిస్టర్ తెప్పించి చూస్తే ఆ గల్లీలో ఆ వేసవికి ఒక్కటే రిపేరు. ఎవరో తెలుసుకోవడానికి నాకు ఐదు నిమిషాలు పట్టలేదమ్మా."

"సర్, ఆ మనిషి చెప్పబట్టే మిగతా వాళ్లు నేర్చుకున్నారు."

"కాదనను. కానీ తాగేనీళ్లలో మురికి కలిసింది. రికార్డు చేయలేదు. ఎవరి ఇంట్లోనో పసిపిల్ల తాగి ఉంటే? ఇప్పుడు ఆఫీసు ముద్రతో కాగితం ఉంది. చూసి కూడా ఊరుకుంటే రేపు నన్ను అడుగుతారు. మీరైతే ఏం చేస్తారు?"

ఆయన అడిగినదాంట్లో అన్యాయం ఎక్కడుందో వెతికితే వసుధకు దొరకలేదు.

ఆయనే మళ్లీ అన్నారు. "ఒక దారి ఉంది. ఏడో ఘటన నిజంగా జరిగింది కాదు, శిక్షణ కోసం కల్పించింది అని మీరొక లైను రాసివ్వండి. ఫైలు మూసేస్తాను. మీ డాక్యుమెంట్ వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. కల్పించి రాశారన్న మాట మీ మీద ఉండిపోతుంది. సోమవారం దాకా టైముంది."

వసుధ బయటికొచ్చి బండి ఎక్కింది. కృష్ణయ్యకు రిటైర్మెంట్ ఇంకా ఎనిమిది నెలలు. తన వల్ల ఆ మనిషి చివరి ఎనిమిది నెలలూ మెమోల చుట్టూ తిరగాలా? రాసిచ్చేద్దామనుకుంది. మంచి పేరు పోతే పోనీ. ఆ మాట ఆయనకే స్వయంగా చెప్పాలని ఆదివారం పొద్దున కృష్ణయ్య ఇంటికి వెళ్లింది.

కృష్ణయ్య బనీను మీద గడప దగ్గర కూర్చుని చావి తుప్పు గీకుతున్నాడు. అంతా విన్నాడు. ఆమె ఏడ్చింది, క్షమించమంది. ఆయన ఊరుకోమని అనలేదు, తిట్టనూ లేదు. చావిని పక్కన పెట్టాడు.

"అడుగకపోతివి బిడ్డా" అన్నాడు.

"తప్పైంది అన్నా. రేపు రాసిస్త. కల్పించిన అని రాస్త. మీకేం గాదు."

"కల్పించిన అని రాస్తవా?" ఆయన తలెత్తాడు. "మరి నా జాగల వచ్చెటోడు గా కాగితం సదువుతడు గద. ఇది ఉత్త కథ అనుకుంటడు. అనుకొని సక్కగ పోయి కుడికి తిప్పుతడు. నలబై ఒక్క ఇండ్లకు తిరిగిన బిడ్డా నేను. ఒక్కొక్క తలుపు కొట్టిన. గది అబద్ధమెట్లయితది?"

"మీ నౌకరీ అన్నా..."

"నౌకరీ ఎనిమిది నెలలు. వాల్వు నా ఎనక గూడ ఉంటది."

సోమవారం పొద్దున్నే ఆయన తెల్లచొక్కా వేసుకుని పెద్దాఫీసుకు పోయి, జరిగింది నిజమేనని తన చేత్తో రాసి సంతకం పెట్టి వచ్చాడు. సాయంత్రానికి సస్పెండ్ చేశారు. వసుధకు ఆ లైను రాయాల్సిన పని లేకపోయింది. ఆ వార్త విన్నప్పుడు ఆమె మనసులో ఎక్కడో ఒక మూల హమ్మయ్య అనిపించింది. పేరు నిలిచిందని. అట్లా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, ఇప్పటికీ ఆ అసహ్యం పోలేదు.

ఆ గురువారం ఆమె హోటల్‌కు వెళ్లింది. వెళ్లకుండా ఉంటే ఇంకా పిరికితనం అవుతుందని వెళ్లింది. ఎనిమిది మంది లైన్‌మన్లూ రాజమణీ ఉన్నారు. మర్యాదగా లేచారు, కుర్చీ జరిపారు. అందరూ మేడం అన్నారు. ఎవరూ ఏమీ చెప్పకపోతే వసుధే నోరు విప్పింది.

"ఈ వారం నా గల్తీ చెప్త. మీరు నమ్మి చెప్పుకున్న ముచ్చట్లు అడుగకుండ పేపర్ మీద పెట్టిన. పేర్లు తీసేస్తె చాలనుకున్న. కృష్ణయ్యన్న బతుకు ఆగం చేసిన."

నియమం ప్రకారం ఎవరూ నవ్వలేదు, తిట్టలేదు. ఆమె ముగించాక కూడా ఎవరూ కదల్లేదు. రాజమణి కప్పు పక్కకు జరిపి, కోపం లేకుండానే అడిగింది. "చెప్పిండ్రు మేడం, మంచిదే. మరిప్పుడు అందరం లేసి ఎక్కడికి పోవాలె? ఏ వాల్వు తిప్పి సూడాలె?"

ఒక్కొక్కరే డ్యూటీ ఉందని లేచిపోయారు. తర్వాతి గురువారం ఆ గది ఖాళీగా ఉందని హోటల్ యజమాని చెప్పాడు.

పెద్దాఫీసు మాత్రం ఊరుకోలేదు. తప్పుల నుంచి నేర్చుకోవడం అన్న ఆలోచన వాళ్లకు మహా నచ్చింది. అందుకని ఒక ఫారం అచ్చు వేయించారు. వారం వారం ప్రతి లైన్‌మనూ తాను చేసిన తప్పులు అందులో రాసి సంతకం పెట్టి పంపాలి. పంపారు. నెల రోజుల్లో ముప్ఫై రెండు ఫారాలు వచ్చాయి. ముప్ఫై రెండింటిలోనూ ఒక్కటే మాట. నిల్. తప్పులు పూర్తిగా తగ్గిపోయాయని ఒక గ్రాఫు కూడా తయారైంది. ఆ గ్రాఫు తెర మీద చూపించినప్పుడు మాధవ్ వసుధ వైపు చూడలేక కింద చూశాడు.

"సారీ వసుధా. రాయమని అన్నది నేనే" అన్నాడు భోజనం దగ్గర.

"రాసిన చెయ్యి నాది" అంది వసుధ. ఆ రోజు ఆమె తినలేదు.

ఆ తర్వాతి బుధవారం ఉదయం ఏడున్నరకు రాజమణి ఫోను చేసింది. రంగ్రేజ్ గల్లీ నుంచి కంప్లయింటు వచ్చింది, నల్లా నీళ్లు వాసన కొడుతున్నాయట. అది ఎల్లేష్ సెక్షను. నలభై ఏళ్ల మనిషి, పనిమంతుడు. బల్ల దగ్గర అందరికంటే ఎక్కువ గల్తీలు చెప్పింది అతనే, అందుకే అందరికంటే ఎక్కువ పని వచ్చు. వసుధ బండి మీద పది నిమిషాల్లో చేరింది.

ఎల్లేష్ గల్లీ మొదట్లో వాల్వు గుంత పక్కన నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా బురద. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆమెను చూడగానే గుంత మీద మూత వేసేశాడు.

"ఏమైంది ఎల్లేష్?"

"ఏం కాలే మేడం. అంత బరాబరే ఉన్నది."

"వాసన వస్తుందంటున్నరు గద?"

"పాత పైపులు గద మేడం. జర సేపైతే అదే పోతది."

అతను ఆమె ముఖం వైపు చూడటం లేదు. ఏదో జరిగిందని ఆమెకు తెలుసు. ఏం జరిగిందో అతనికి తెలుసు. ఇక్కడి నుంచి నాలుగు గల్లీలకు లైన్లు పోతాయి. ఏ వాల్వు, ఎప్పుడు తెరిచాడు అన్నది చెబితే మురికి ఎన్ని ఇళ్లకు పోయిందో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. చెప్పకపోతే నాలుగు గల్లీల్లో రెండు వందల ఇళ్లు.

"నేను రాయను ఎల్లేష్. ఒట్టు. ఏ వాల్వో గదొక్కటి చెప్పు."

"మీరు రాయరు మేడం, నాకెర్కే. ఇంకొకలు రాస్తరు." ఎల్లేష్ గుంత మూత మీద కాలు పెట్టి నిలబడ్డాడు. "ఇంట్ల ఐదుగురం తింటం. నేనేం జేయలే. మీరు ఫారం తెచ్చినా నిల్ అనే రాస్త."

కోపం వచ్చింది ఆమెకు, పట్టరాని కోపం. చెంప మీద ఒకటి ఇద్దామన్నంత. ఎవరి చెంప మీద అన్నది మాత్రం ఆమెకే తేలలేదు. ఇంక అతన్ని వదిలేసి మొదటి ఇంటి తలుపు కొట్టింది. నీళ్లు తాగకుండ్రి, పారబోయుండ్రి. రెండో ఇల్లు. మూడో ఇల్లు. ఇట్లా ఒక్కతే రెండు వందల ఇళ్లు తిరిగేసరికి మధ్యాహ్నం అవుతుందని తెలుసు. అయినా కొట్టుకుంటూ పోయింది. నాలుగో ఇంట్లో ఒక పడుచు తల్లి తలుపు తీసింది. సంగతి వినగానే ఆమె ముఖం పాలిపోయింది.

"అమ్మో, మా పిల్ల గిప్పుడే సీసల నింపుకొని బడికి పోయింది!" అని చెప్పులు కూడా వేసుకోకుండా బడి వైపు పరుగు తీసింది.

ఎల్లేష్ ఆ మాట విన్నాడు. ఉరుకుతున్న ఆ తల్లి అతని పక్క నుంచే పోయింది. అతను గోడకు చేయి ఆనించుకుని, వంగి నిలబడ్డాడు. వసుధ గబగబా దగ్గరికి వచ్చింది, ఇప్పుడు చెబుతాడని. ఎల్లేష్ బురద చేతితోనే జేబులోంచి ఫోను తీసి నంబరు నొక్కాడు.

"కృష్ణయ్యన్నా" అన్నాడు. "అన్నా, గల్తీ అయింది నాతోని."

అంత మాత్రం ఆమెకు వినిపించింది. తర్వాత అతను తలెత్తి ఆమె అక్కడే ఉందని చూశాడు. చూసి వెనక్కి తిరిగి, ఫోను చెవికి అదుముకుని, ఆమెకు వినపడనంత దూరం నడిచాడు. అక్కడ గోడ వైపు తిరిగి చెప్పుకున్నాడు. చేతులు తిప్పి చూపిస్తూ చెప్పాడు, తల ఊపుతూ విన్నాడు. మధ్యలో ఒకసారి భుజాలు కదిలాయి, ఏడుస్తున్నాడేమో. వసుధ ఉన్నచోటే నిలబడింది. పోయి వినాలని ప్రాణం లాగుతోంది. ఒక్క అడుగు ముందుకు వేస్తే అతను ఫోను పెట్టేస్తాడు.

రెండు నిమిషాలకు ఎల్లేష్ పరుగున వచ్చి చావి అందుకున్నాడు. రెండో గుంత మూత ఎత్తాడు. ఇంకా ఆమె ముఖం చూడలేదు.

"ఎడమ దిక్కు వరస మేడం. ఇరవై ఆరు ఇండ్లు. అవుతల గల్లీలకు పోలే. గీ ఇరవై ఆరుకే చెప్పుండ్రి, జల్ది."

వసుధ ఎడమ వైపుకు పరుగెత్తింది. ఏం జరిగిందో అడగలేదు. అడిగితే రేపటి నుంచి మురికి ఏ ఇళ్లకు పోయిందన్న ఈపాటి మాట కూడా చెప్పడని భయం వేసింది.